అమ్మతో ఎల్ రీనో దాకా: ఉల్లిపాయ బర్గర్ పుట్టిన ఊళ్ళో మూడు రోజులు

ఇంటికొచ్చి రెండు రోజులైంది. కారు టైర్లకి పట్టిన ఎర్రమట్టి ఇంకా పూర్తిగా వదల్లేదు. నా జాకెట్‌కి ఉల్లిపాయ వాసన అలాగే ఉంది. దాన్ని ఉతకడానికి వేసేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

అమ్మ డల్లాస్ వచ్చి నాలుగు నెలలు దాటింది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి అందరూ చూపించేవన్నీ చూపించేశాను. ఒకరోజు రాత్రి అన్నం తింటూ, "పెద్ద ఊళ్ళు చాల్లే అమ్మడూ. ఇక్కడి మామూలు జనం ఎక్కడుంటారో, ఏం తింటారో చూడాలనుంది" అంది. నాకు వెంటనే ఎల్ రీనో గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఓక్లహోమా వాడొకడున్నాడు. లంచ్‌లో ఎవరు బర్గర్ తెచ్చుకున్నా సరే, "మా ఎల్ రీనో ఉల్లిపాయ బర్గర్ తిన్నాక మాట్లాడండి" అంటాడు. ఆ ఊరు ఓక్లహోమా సిటీకి పడమరగా 30 మైళ్ళ దూరంలో, రూట్ 66 అనే పాత జాతీయ రహదారి మీద ఉంది. జనాభా 17,000 దాకా ఉంటుంది. అంత చిన్న ఊళ్ళో ఒకే రకం బర్గర్ కోసం పేరుపడ్డ కొట్లు మూడున్నాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ బర్గర్‌లో ఉండేది గొడ్డు మాంసం. నేను తింటాను, అమ్మ తినదు. మా ఇద్దరి మధ్య ఈ విషయం ఎప్పుడో తేలిపోయింది. "నువ్వు తిను, నేను చూస్తాను. నాకేదో ఒకటి దొరక్కపోదు" అంది అమ్మ. బయల్దేరాం.

గురువారం: డేవిస్ దగ్గర కజ్జికాయలు, ఆ తర్వాత 81వ నంబరు రోడ్డు

ఐ-35 మీద ఉత్తరంగా పోతే రెడ్ రివర్ దాటగానే ఓక్లహోమా మొదలవుతుంది. మొదట తేడా ఏమీ తెలియదు. ఆర్బకుల్ కొండలు వచ్చాకే కళ్ళు విప్పుకుంటాయి. రోడ్డు కోసం కొండని కోసిన చోట రాతి పొరలు పక్కకి ఒరిగి కనిపిస్తాయి, అటకమీద సరిగ్గా సర్దని పుస్తకాల్లాగా. అమ్మ కారు ఆపమంది. హైవే మీద ఊరికే ఆపకూడదని చెప్పి, వేగం తగ్గించి చూపించాను.

డేవిస్ దగ్గర ఫ్రైడ్ పైలు అమ్మే కొట్టు ఉంది. ఆ దారిన పోయేవాళ్ళంతా ఆగుతారు. పిండిని చపాతీలా ఒత్తి, మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి, సగానికి మడిచి, అంచు నొక్కి నూనెలో వేయిస్తారు. అమ్మ అద్దం అవతల నిలబడి పిండి ఒత్తే అమ్మాయి చేతులే చూస్తూ ఉంది. "కజ్జికాయ కదే ఇది!" అంది. కొబ్బరిది ఒకటి, ఆప్రికాట్‌ది ఒకటి తీసుకున్నాం. ఒక్కోటి ఐదు డాలర్లలోపే. కొబ్బరిది తియ్యటి క్రీములా ఉంది, మన కోరులా పంటికి తగల్లేదు. ఆప్రికాట్‌ది పుల్లపుల్లగా అద్భుతంగా ఉంది. పిండి మాత్రం మన కజ్జికాయంత కరకరలాడదు, పొరలు పొరలుగా విరుగుతుంది. పిండిలో కొవ్వు ఎక్కువ పడి ఉంటుందని అమ్మ తేల్చేసింది.

అక్కడినుంచి ఐ-35 వదిలేసి ఏడో నంబరు రోడ్డు మీద డంకన్ వెళ్ళి, 81 ఎక్కాను. గంట ఎక్కువ పడుతుందని తెలిసే ఎంచుకున్నాను. 1867 నుంచి టెక్సస్ పశువుల మందల్ని కాన్సస్ రైల్వే స్టేషన్ల దాకా నడిపించుకెళ్ళిన చిజమ్ ట్రయిల్ దాదాపు ఈ 81 వెంటే సాగేది. బర్గర్ కోసం పోతున్నప్పుడు ఆ మాంసం నడిచొచ్చిన దారిన పోవడమే సరైనదనిపించింది. ఏప్రిల్ చివరి వారం కదా, రెండు పక్కలా గోధుమ చేలు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. చేను ఆగిన చోట నేల ఒక్కసారిగా ఎర్రగా బయటపడుతుంది. మింకో దాటాక సౌత్ కెనేడియన్ నది వచ్చింది. నది వెడల్పు బాగానే ఉంది కానీ నీళ్ళు పాయలు పాయలుగా, ఇటుక రంగులో ఉన్నాయి. "గోదారికి వరదొచ్చినప్పుడు ఇదే రంగు" అని అమ్మ కిటికీ దించి చూసింది.

ఎదురుగా వచ్చే పికప్ ట్రక్కుల డ్రైవర్లు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు పైకెత్తుతున్నారు. చెయ్యి ఊపడం కూడా కాదు, చూపుడువేలు లేచి మళ్ళీ పడుతుంది, అంతే. మొదట నాకు అర్థం కాలేదు. నాలుగైదు బండ్లు పోయాక అది పలకరింపని తెలిసి నేనూ ఎత్తడం మొదలుపెట్టాను. అమ్మ పక్క సీట్లో కూర్చుని ప్రతి బండికీ నమస్కారం పెట్టింది. ఒకాయన చూసి నవ్వుతూ టోపీ తాకాడు.

ఎల్ రీనో చేరేసరికి సాయంత్రం ఆరైంది. ఆ రాత్రి వాన పడింది. మేం తెచ్చుకున్న పెరుగన్నం తిని పడుకున్నాం.

శుక్రవారం పొద్దున: రాబర్ట్స్ గ్రిల్

పదిన్నరకే రాబర్ట్స్ గ్రిల్ ముందున్నాం. తెల్లటి చిన్న కొట్టు. మన ఊళ్ళలో బస్టాండు పక్క టీ కొట్టు కంటే కాస్త పెద్దది. 1926లో పెట్టారు. రూట్ 66కి ఆ నంబరు ఇచ్చింది కూడా ఆ ఏడాదే. 1985లో ఆ రోడ్డుని జాతీయ రహదారుల జాబితా నుంచి తీసేశారు, కొట్టు మాత్రం కొట్టులాగే ఉంది. లోపల టేబుళ్ళు లేవు. ఒకటే కౌంటర్, దాని ముందు వరసగా స్టూళ్ళు. కౌంటర్‌కి అవతల ఒక్క అడుగు దూరంలోనే పెనం. ఎవరు కూర్చున్నా వంట కళ్ళముందే జరుగుతుంది.

నేను ఇంత దూరం వచ్చింది చూడ్డానికి కూడా కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తాను.

వంటాయన గుప్పెడు మాంసం ముద్దని పెనం మీద పెట్టాడు. ఉప్పు చల్లాడు. తర్వాత పక్కనున్న గిన్నెలోంచి ఉల్లిపాయ తరుగు తీశాడు. ఆ తరుగు ఎంత సన్నమంటే, ఒక్కో పోగులోంచి వెలుతురు కనిపిస్తోంది. అలాంటిది రెండు దోసిళ్ళు ముద్ద మీద పోశాడు. మాంసం కనపడకుండా పోయింది, పెనం మీద ఉల్లిపాయ కుప్ప ఒక్కటే ఉంది. అప్పుడు అట్లకాడని కుప్ప మీద బోర్లించి, దాని మీద రెండో చెయ్యి ఆనించి, ఒంట్లో బలమంతా పెట్టి అదిమాడు. మధ్యలో ఒకసారి, అంచు చుట్టూ నాలుగైదు సార్లు. ముద్ద పల్చటి అట్టులా పరుచుకుంది. ఉల్లి దాని మీద కూర్చోలేదు, దాని లోపలికి దిగిపోయింది. మాంసం ఎక్కడ ఆగిందో, ఉల్లి ఎక్కడ మొదలైందో చెప్పలేం.

రెండు మూడు నిమిషాలు ముట్టుకోలేదు. పక్కన ఇంకో నాలుగు అదిమాడు. తర్వాత అట్లకాడ అంచుతో పెనాన్ని గీకుతూ తిరగేశాడు. ఇప్పుడు ఉల్లి కింద, మాంసం పైన. కొవ్వులో ఉల్లి వేగడం మొదలయ్యాక వచ్చిన వాసనకి కొట్లో మాటలు ఆగిపోయాయి. పైన పసుపు రంగు చీజ్ ముక్క వేసి, బన్ పై సగం, దాని మీద కింది సగం బోర్లించి వదిలేశాడు. ఉల్లిలోంచి లేచే ఆవిరి అంతా పైకొచ్చి బన్‌లోకే పోతుంది. బన్‌ని విడిగా వేడిచెయ్యరు. చివర్లో మొత్తాన్ని ఒకేసారి ఎత్తి, కింది సగాన్ని కిందికి చేర్చి, కాగితం మీద పెట్టి నా ముందుకి తోశాడు. పళ్ళెం లేదు. ఆవపొడి సాస్, దోసకాయ ఊరగాయ ముక్కలు కావాలంటే పక్కనున్నాయి.

మొదటి ముద్దకి సాస్ వేసుకోలేదు. బన్ మెత్తగా, కాస్త తేమగా, ఉల్లి వాసనతో ఉంది. లోపల మూడు రకాల ఉల్లి తగిలింది. మధ్యలో తియ్యగా వెన్నలా కరిగేది, పక్కన ఇంకా కొంచెం కరకరలాడేది, అంచు దాటి పెనం మీద పడి నల్లబడే దాకా వేగింది. ఆ నల్లబడ్డ అంచు కోసమైనా మళ్ళీ 230 మైళ్ళు వస్తాను. మాంసం వెనక నుంచి తాళం వేస్తున్నట్టుంది, పాట మాత్రం ఉల్లిదే. నేను చాలా ఊళ్ళలో, చాలా ఖరీదైన చోట్ల బర్గర్లు తిన్నాను. వాటిలో ఉల్లిపాయ ఒక చక్రం ముక్క, పంటికి అడ్డమొచ్చి జారిపోయేది. ఇక్కడ అది తీసేస్తే మిగిలేదేమీ లేదు.

అమ్మ సంగతి. నేను వంటాయనకి మెల్లగా చెప్పాను, మా అమ్మ గొడ్డు మాంసం ముట్టదు, ఆవిడకి ఉల్లిపాయ, చీజ్, బన్ మాత్రం కావాలి, వీలైతే పెనం మీద వేరే చోట అని. ఆయన "యెస్ మామ్" అన్నాడు, ఎందుకని అడగలేదు. పెనం చివర ఒక మూలని గీకి, తుడిచి, వేరే అట్లకాడ తీసి, కాస్త వెన్న వేసి ఉల్లి తరుగు పోశాడు. మిగతా బర్గర్లకి ఎంత ఓపిక పట్టాడో దీనికీ అంతే పట్టాడు. రెండు బన్ ముక్కల మధ్య చీజ్ కరిగి, ఎర్రగా వేగిన ఉల్లి నిండుగా ఉన్న శాండ్‌విచ్ అమ్మ ముందు పెట్టాడు. అమ్మ తిని, రెండో ముద్ద తర్వాత, "పకోడీలో పిండి తీసేసి ఉల్లి ఒక్కటే వేయించినట్టుంది. కారం ఉంటే ఇంకా బాగుండేది" అంది. ఆ మాట ఆయనకి చెప్పాను. వెనక షెల్ఫులోంచి హలపెన్యో మిరపకాయ ముక్కల డబ్బా తీసి ఇచ్చాడు.

నా బర్గర్ ఏడు డాలర్లలోపు. ఇద్దరం తిన్నది, కోక్‌లు కలిపి పద్దెనిమిది డాలర్లు అయింది. ఐదు డాలర్లు టిప్పు పెట్టాం. ఇంకా ఎక్కువ పెట్టమని అమ్మ మోచేత్తో పొడిచింది. మూల గీకి తుడిచినందుకని ఇంకో మూడు పెట్టాను.

అదే కౌంటర్ దగ్గర విన్న కథ

పక్క స్టూలు మీద డెబ్భై దాటిన పెద్దాయన కూర్చున్నాడు. రైల్వే టోపీ. ఇక్కడ పక్కనున్నవాళ్ళతో మాట్లాడకుండా తినడం మర్యాద కాదనుకుంటా. కూర్చున్న నిమిషానికే ఎక్కడినుంచి, ఎందుకు, వాన తగిలిందా అని అన్నీ అడిగేశాడు. ఉల్లి ఎందుకు ఇంత వేస్తారని నేనడిగాను.

ఎల్ రీనో ఒకప్పుడు రాక్ ఐలండ్ రైల్వే ఊరు. ఇంజన్లు బాగుచేసే షాపులు ఇక్కడ ఉండేవి, ఊరంతా ఆ జీతాల మీదే బతికేది. 1922 జులై 1న దేశమంతా రైల్వే షాపు కార్మికులు జీతాల కోతకి వ్యతిరేకంగా సమ్మెకి దిగారు. నాలుగు లక్షల మంది దాకా. ఎల్ రీనోలో చేతిలో డబ్బాడక జనం తినడం మానేసే స్థితి వచ్చింది. మాంసం ఖరీదు, ఉల్లిపాయ చవక. అప్పుడు హాంబర్గర్ ఇన్ అనే కొట్టు నడుపుతున్న రాస్ డేవిస్ మాంసం తగ్గించి, ఆ లోటుకి ఉల్లి తరిగి అందులోకి అదమడం మొదలుపెట్టాడని ఊళ్ళో చెప్పుకుంటారు. బర్గర్ 5 సెంట్లే, చూడ్డానికి పెద్దదే, కడుపూ నిండేది. ఆ తర్వాత 1930లలో మహా మాంద్యం, దుమ్ము తుఫానులు వచ్చాయి. ఓక్లహోమాని అవి రెండూ కలిసి దెబ్బకొట్టాయి. ఉల్లి బర్గర్ ఇంకో పదేళ్ళు అవసరమైంది.

"మరి మంచి రోజులొచ్చాక ఎందుకు మానలేదు?" అన్నాను.

ఆయన నా ముందున్న ఖాళీ కాగితం వైపు చూపించాడు. "నువ్వు మానేస్తావా?"

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్తుంటే ఆవిడ తినడం ఆపి విన్నది. "మీ నాయనమ్మ ఇంతే" అంది. "అర్ధకిలో మాంసం, పదకొండు మంది. సొరకాయ వేసేది, లేదంటే శనగపప్పు. ముక్క అందరికీ రాదు, పులుసు అందరికీ వచ్చేది. ఇప్పుడు రెండు కిలోలు తెచ్చినా మీ నాన్నగారికి సొరకాయ లేకపోతే అది మాంసం కూరే కాదు." అమ్మ ఇంతకు ముందెప్పుడూ నాకీ సంగతి చెప్పలేదు. సొరకాయ మాంసం అంటే మా ఇంటి రుచి అనుకున్నాను కానీ, అది లోటులోంచి వచ్చిందని నాకు తెలియదు. పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగి టోపీ తీశాడు.

వెళ్ళేముందు ఇంకో వారం ఆగమన్నాడు. ఏటా మే మొదటి శనివారం ఇక్కడ ఉల్లిపాయ బర్గర్ పండుగ చేస్తారు. వీధి మధ్యలో 850 పౌండ్ల పైన, అంటే దాదాపు 385 కిలోల ఒకే ఒక బర్గర్ కాల్చి ఊరందరికీ పంచుతారు. నాకు సెలవులు లేవు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం: ఎర్రమట్టిలో

ఊరికి పడమరగా కొన్ని మైళ్ళలో ఫోర్ట్ రీనో ఉంది, 1870లలో కట్టిన సైనిక స్థావరం. ఊరి పేరు దాని నుంచే వచ్చింది. ఫోన్‌లో మ్యాప్ చూపిన దారిలో వెళ్ళాను. ఆ దారి రెండు మలుపుల తర్వాత తారు వదిలేసి మట్టి రోడ్డయింది. ఓక్లహోమాలో పల్లె రోడ్లు గళ్ళ నోటుపుస్తకంలా మైలుకొకటి చొప్పున తిన్నగా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉండటంతో ఎక్కడున్నామో తెలియదు. రాత్రి వానకి మట్టి పైకి ఆరినట్టే ఉంది, లోపల మాత్రం సబ్బులా ఉంది. కారు వెనక భాగం మెల్లగా పక్కకి జారి, చేను గట్టు పక్కన గాడిలో దిగింది. రెండు సార్లు యాక్సిలరేటర్ తొక్కాను, చక్రం ఇంకా లోపలికి పోయింది. చుట్టూ మనిషన్నవాడు లేడు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. అమ్మ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చి, "పొలంలో ఇరుక్కున్న ఎడ్లబండికి ఏం చేస్తాం, మనిషొచ్చేదాకా కూర్చుంటాం" అంది.

పావుగంటకి ఒక పికప్ వచ్చింది. దిగినాయన మాతో మొదట అన్నమాట, "రాత్రి వాన పడితే తారు దిగకూడదమ్మా." తాడు కట్టి రెండు నిమిషాల్లో లాగేశాడు. నేను ఇరవై డాలర్ల నోటు తీస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అమ్మ వెంటనే డేవిస్‌లో మిగిల్చిన ఆప్రికాట్ పై తీసి రెండు చేతులతో ఇచ్చింది. అది తీసుకున్నాడు. మమ్మల్ని తారు రోడ్డు దాకా తన వెనకే రమ్మని తీసుకెళ్ళి, ఫోర్ట్ దారి చూపించి, స్టీరింగ్ మీద వేలెత్తి వెళ్ళిపోయాడు.

ఫోర్ట్‌లో అన్నీ చూశాం కానీ నా మనసులో నిలిచింది ఒక చిన్న చర్చి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ బందీలుగా ఉంచిన జర్మన్ సైనికులు 1944లో కట్టిందది. బందీలుగానే చనిపోయిన కొందరిని ఇక్కడి శ్మశానంలోనే పూడ్చారు. అమ్మ ఆ రాళ్ళ మీది పేర్లని, అర్థం తెలియకపోయినా, ఒక్కోటీ పైకి చదివింది.

శుక్రవారం రాత్రి: సిడ్స్ డైనర్

సిడ్స్ కాస్త పెద్దది, గోలగా ఉంటుంది. స్కూలు పిల్లలు, పొలం బట్టలతో వచ్చినవాళ్ళు, చంటిబిడ్డతో ఒక జంట. కౌంటర్ పైన పారదర్శకంగా గట్టిపడిన పూత కింద ఊరి పాత ఫోటోలు వందల కొద్దీ పరిచి ఉన్నాయి. బర్గర్ కాగితం పక్కకి జరిపితే ఒక రైలింజను, ఇంకొంచెం జరిపితే బ్యాండు మేళం. అమ్మ తన చోట పరిచిన ఫోటోలన్నీ చూశాక, కూర్చునే చోటు మార్చుకుందామంది. అలా మూడు సార్లు మారాం. వడ్డించే ఆవిడ ఏమీ అనలేదు, ప్రతిసారీ "ఇదిగో హనీ" అంటూ గ్లాసులు తెచ్చి కొత్త చోట పెట్టింది. హనీ అంటే తేనె అని చెప్తే అమ్మకి ఎంత ముచ్చటేసిందో.

ఇక్కడ బర్గర్ రాబర్ట్స్ కంటే కొంచెం మందం, ఉల్లి ఇంకాస్త ఎక్కువ, కానీ ఆ నల్లటి అంచు కొంచెం తక్కువ. నాకు రాబర్ట్స్‌దే నచ్చింది. ఆఫీసులో మావాడు సిడ్స్ పక్షం. మూడో కొట్టు జానీస్‌కి వెళ్ళడానికి కడుపులో చోటు లేదు, అది 1946 నుంచి ఉంది, దానికీ అంతే మంది అభిమానులు ఉన్నారు. ఊళ్ళో ఎవరిది ఏ కొట్టో పుట్టినప్పుడే నిర్ణయమైపోతుందని వడ్డించే ఆవిడ చెప్పింది. ఈ ఊరి ఇంకో ప్రత్యేకత కోనీ కూడా తిన్నాను. సాసేజ్ పెట్టిన బన్ మీద మాంసం చిల్లీ, దానిపైన ఆవఘాటున్న క్యాబేజీ తరుగు. మొదటిసారి వింతగా ఉంది, రెండో సగం ఇష్టంగా తిన్నాను. అమ్మ బంగాళదుంప వేపుడు, స్ట్రాబెర్రీ షేక్ తీసుకుంది. ఇద్దరికీ ఇరవై రెండు డాలర్లు.

బయట బెంచీల మీద కూర్చున్న ఒక తండ్రి ఆకాశం చూస్తూ మాతో మాటల్లో పడ్డాడు. 2013 మే 31న ఊరికి దక్షిణంగా వచ్చిన టోర్నడో వెడల్పు 2.6 మైళ్ళు. కొలిచినవాటిలో అంత వెడల్పైనది ఇంకొకటి లేదు. తుఫానుల మీద పరిశోధన చేసే టిమ్ సమారాస్, ఆయన కొడుకు, వాళ్ళ సహచరుడు అందులోనే పోయారు. మీరు ఏ దారిన వచ్చారని అడిగాడు. 81 అన్నాను. "దాన్ని అడ్డంగా దాటిందది" అన్నాడు. నిన్న సాయంత్రం మేం వేళ్ళెత్తి పలకరించుకుంటూ వచ్చిన పచ్చటి దారి అదే. అమ్మకి ఆ రాత్రి చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పాను.

శనివారం: హైడ్రో, తర్వాత ఓక్లహోమా సిటీ

పొద్దున్నే పడమరగా హైడ్రో వెళ్ళాం. అక్కడ రూట్ 66 అంచున 1929లో కట్టిన చిన్న పెట్రోలు బంకు ఉంది. లూసిల్ హామన్స్ అనే ఆవిడ 1941 నుంచి 2000లో చనిపోయేదాకా దాన్ని నడిపింది. పెద్ద హైవే పక్కనుంచే వెళ్ళిపోయి బేరాలు తగ్గినా ఆవిడ కదల్లేదు. డబ్బుల్లేక దారిలో ఆగిపోయినవాళ్ళకి పెట్రోలు, తిండి ఇచ్చేదట. అమ్మ ఆ మూసిన తలుపు ముందు నిలబడి ఫోటో తీయమంది. నాలుగు నెలల్లో తనంతట తాను అడిగి తీయించుకున్న ఫోటో అదొక్కటే.

మధ్యాహ్నానికి ఓక్లహోమా సిటీ స్మారకం దగ్గరున్నాం. 1995 ఏప్రిల్ 19న ఫెడరల్ భవనం మీద జరిగిన బాంబు దాడిలో పోయినవాళ్ళకి గుర్తుగా గడ్డి మీద 168 కుర్చీలు. వాటిలో 19 చిన్నవి, పిల్లలవి. మేం ఆ చిన్న కుర్చీల దగ్గరున్నప్పుడే ఊరంతా సైరన్లు మోగాయి. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. పక్కన ఒకావిడ చూసి దగ్గరికొచ్చి, ప్రతి శనివారం పన్నెండింటికి టోర్నడో సైరన్లు పరీక్షిస్తారు, భయపడకండి అని చెప్పింది. అవి ఆగేదాకా మా పక్కనే నిలబడింది. వెళ్ళేముందు అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. పెట్రోలు కాకుండా మూడు రోజుల తిండికి ఇద్దరికీ అరవై రెండు డాలర్లు అయింది.

ఇంట్లో, నిన్న రాత్రి

అమ్మ కోడి ఖీమా తెప్పించింది. మా దోసె పెనం పొయ్యి మీద పెట్టి, ఉల్లిపాయ తరుగుతూ ఒక్కో పోగునీ లైటుకి ఎత్తి చూసింది. వెలుతురు కనిపించని ముక్కల్ని పక్కకి పెట్టింది. ఖీమా ముద్ద మీద ఉల్లి పోసి, అట్లకాడ బోర్లించి, దాని మీద రెండో చెయ్యి ఆనించి అదిమింది. మధ్యలో ఒకసారి, అంచు చుట్టూ నాలుగైదు సార్లు. ఉల్లి చెదిరి పక్కకి పోయింది, ముద్దలోకి దిగలేదు. కోడి మాంసంలో కొవ్వు చాలదు కదా అన్నాను.

"మీ నాయనమ్మయితే కొంచెం నూనె చేర్చేది" అంటూ రెండో ముద్ద పెట్టింది. ఈసారి ఉల్లి ఇంకా ఎక్కువ వేసింది.